చెయ్యి బరువు

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
సిలార్ భాయ్ షెడ్డు ముందు బండి ఆపాను.
ఆపానని అనకూడదు,
మూడుసార్లు తొక్కితే తనే దయతలచి ఆగింది.

పంతొమ్మిదేళ్ల పికప్పు.
గుంటూరు యార్డు నుంచి కోల్డు స్టోరేజీలకి
మిరప టిక్కీలు మోసీ మోసీ
సీటు దులిపితే ఇప్పటికీ తుమ్ములే.
బానెట్ ఎత్తి వరసగా నాలుగు తుమ్మి
"ఘాటు పోలేదు, ఇంజను బతికే ఉంది" అన్నాడు భాయ్.

నా గోడు నేను వెళ్లబోసుకున్నాను.
రెండో గేరు పడినట్టే పడి
కాజా టోల్‌గేటు దాటేలోపే ఎగిరి బయటికొస్తుంది.
మూడులో సన్నగా ఒక ఏడుపు.
బ్రేకు తొక్కితే చాలు, మొండి గిత్తలా
ఎడమకి గుంజుతుంది.
"అంతా డ్రైవరు నిర్వాకం భాయ్. ఏసుపాదం అని,
పోయిన నెలే మాన్పించేశాను."

భాయ్ విన్నాడో లేదో.
పెడల్ మీద కాలు పెట్టి ఊరికే ఉంచాడు,
జ్వరం చూసే చెయ్యిలాగా.
పెడల్ మెల్లగా, చాలా మెల్లగా
నేలకి దిగిపోయింది.
ఆయిలు డబ్బాలో గీత తగ్గలేదు.
చక్రాల వెనక ఎక్కడా తడి లేదు.
"బయటికి కారితే పిల్లోడైనా చెప్తాడు.
ఇది లోపల్లోపలే జారిపోతంది.
మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు అరిగింది.
గట్టిగా తంతే ఆగుద్ది,
మెత్తగా తొక్కితే మోసం చేస్తది."

"సిగ్నల్ కాడ కాలు ఉంచితే దిగిపోతంది సార్"
అని ఏసుపాదం చెప్పింది
ఎండాకాలంలో, రెండుసార్లు.
"కాలు నీదా, బండిదా?" అన్నాను.
నవ్వానుగూడా.

జాకీ మీద ముందు చక్రాలు లేచాయి.
కుర్రాడు బ్రేకు తొక్కి పట్టుకుంటే
ఎడమది బిగుసుకుంది.
కుడిది భాయ్ వేలితో తోస్తే
రంగులరాట్నంలా తిరుగుతూనే ఉంది.
"ఎడమకి గుంజుతందని ఎడమదాన్ని తిట్టావు.
పాపం పనిచేసేది అదొక్కటే.
కుడిపక్క పిస్టను తుప్పుపట్టి
ఎప్పుడో కదలటం మానేసింది."

తర్వాత, "నడుపు" అన్నాడు, పక్కన కూర్చుని.
ఇరవై స్పీడులో
లేతు మిషన్ల మోతలోంచి, వెల్డింగు నిప్పురవ్వల్లోంచి,
చట్రాలు మాత్రమే మిగిలిన లారీల మధ్యగా
రెండు వీధులు తిరిగాం.
రోడ్డు వైపు ఒక్కసారి కూడా చూడలేదు భాయ్.
చెవి గేరుబాక్సు మీద పెట్టాడనుకున్నాను.

షెడ్డులో నట్టు విప్పి
నల్లటి ఆయిలు పళ్లెంలోకి వదిలాడు.
అయస్కాంతం ముంచి తీస్తే
గడ్డంలా ఉక్కు రజను.
అయస్కాంతానికి అంటనిది అడుగున మెరిసింది,
కంసాలి కొట్టు గుమ్మంలో ఊడ్చిన మెరుపులా.
"ఇత్తడి. గేరుని నెట్టే ఫోర్కు ఇది.
రాడ్డు మీద చెయ్యేసుకుని నడిపేవాళ్ల బండ్లలో
ఇట్టాగే అరుగుద్ది.
చేతికి సుఖం, దానికి పగలూ రాత్రీ బరువు."

"చెప్పాగా భాయ్, ఏసుపాదం..."

"ఎన్నాళ్లు నడిపాడు?"

ఎనిమిది నెలలు.
అంతకు ముందు పదకొండేళ్లు నేనే.

భాయ్ చేతులు తుడుచుకుంటూ
నా ఎడమచేతిని చూశాడు.
ఆగి ఉన్న బండి కిటికీలోంచి దూరి
అది అప్పటికే
గేరు రాడ్డు మీద ఉంది.

మూడు రోజులు పట్టింది. బిల్లు సంగతి అడక్కండి.
తిరుగుదారిలో వారధి మీద
రెండో గేరు పడి, పడిన చోటే ఉంది.
ఎడమచెయ్యికి మాత్రం ఏం తోచలేదు.
తొడ మీద పెట్టాను, స్టీరింగు మీద పెట్టాను,
మళ్లీ మళ్లీ అటే పోయింది,
పుండు దగ్గరికి వేలు పోయినట్టు.

తాడేపల్లి దాటాక పక్కకి ఆపి
ఏసుపాదం నంబరు నొక్కాను.
ఏం అనాలో అనుకునేలోపే ఎత్తాడు.
వెనక ఏదో లారీ హారను.

"బ్రేకు చూపించారా సార్?" అన్నాడు.